తలుపు వెనక విన్న దీవెన

మా తాత ప్రభువును నమ్ముకున్న కొత్తలో, బైబిలు వాక్యం చదవడం కోసమే పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్నాడట. చదివినదాంట్లో ఆయన మనసుకు బాగా పట్టుకున్నది ఇశ్రాయేలీయుల పితరుల సంగతి. గుడారాల్లో బతుకుతూ గొర్రెలు కాసుకునే ఆ పెద్దవాళ్ళు, చూపు మందగించి ఒళ్ళు వంగిపోయాక, కొడుకును పిలిచి అతని చేతి వంట తిని, తల మీద చేతులు ఉంచి దీవించేవారు. పొలం కంటే, మంద కంటే ఆ దీవెనే పెద్ద ఆస్తి. ఒకసారి నోరు దాటిందంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. మా తాతకు పొలమూ లేదు, మందా లేదు. ఇంకొకరి గేదెలు కాసేవాడు. ఈ ఆస్తి అయితే నేనూ నా పిల్లలకు ఇవ్వగలను అనుకుని ఉంటాడు.

అట్లా మా ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. మా సంఘంలో ఇంకెవరి ఇంట్లోనూ నేను చూడలేదు. పెళ్ళికి ముందురోజు, పెళ్ళి కావలసిన బిడ్డ తన చేతులతో వండి తండ్రికి పెట్టాలి. తండ్రి తిన్నాక తలుపులు మూసి, ఆ బిడ్డ తల మీద చేతులు ఉంచి, తాత కట్టిన నాలుగు మాటలు చెప్పాలి. ఆ మాటలు కాగితం మీద రాయకూడదు. నోటి నుంచి చెవికి వెళ్ళాలి, అంతే.

నాకు ఆ దీవెన అందలేదు. బహ్రెయిన్ వచ్చిన రెండో ఏడాది నేను పెళ్ళి చేసుకున్నది నిజామాబాద్ వైపు మనిషిని. సిత్రాలో పైపులతో పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ సూపర్‌వైజరు. ఇంట్లో వాళ్ళ ఎల్లమ్మ పటం పెట్టుకుని ఊదొత్తి వెలిగించే మనిషి. నేను రక్తపరీక్షలు చేసే క్లినిక్‌కి, వేలు నలిగిన ఒక కూలీని భుజం పట్టుకుని తీసుకొచ్చినప్పుడు మొదటిసారి చూశాను. నాన్న తిట్టలేదు. "నువ్వు సుఖంగా ఉండు. ఆ మాటలు మాత్రం మన దేవుడి ముందు చెప్పేవి, అడగొద్దు," అన్నాడు ఫోన్లో. పెళ్ళికి రాలేదు. తిట్టినా బాగుండేది, తిట్టుకు తిరిగి జవాబు చెప్పొచ్చు.

ఆ మరుసటి ఏడు తమ్ముడి పెళ్ళికి నేను ఒక్కదాన్నే ఊరెళ్ళాను. వాడికి టీ పెట్టడం కూడా రాదు. ఆచారం తప్పకూడదని ఉప్మా చేశాడు, అదీ అడుగంటింది. నాన్న ఆ మాడు కూడా గరిటెతో గీకించుకుని తిన్నాడు. తర్వాత గది తలుపులు మూశారు. మంచినీళ్ళ చెంబు పట్టుకుని వెళ్ళినదాన్ని, అక్కడే ఆగిపోయాను. చాటుగా వినడం తప్పని తెలుసు. పెద్దదాన్ని, నాకంటే ముందు వాడికి అందుతోందని కడుపు మండిందని కూడా ఒప్పుకుంటున్నాను.

నాన్న బహ్రెయిన్ వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, అమ్మ పోయిన ఏడాది. అప్పటికి నీటికాసుల వల్ల ఆయనకు చూపు దాదాపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనుషులు తెలియరు. విజిట్ వీసా మీద మూడు నెలలు ఉంచుకుంటానని తమ్ముడితో పోట్లాడి తెచ్చుకున్నాను. దీవెన కోసమే తెచ్చానని ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

వచ్చిన మొదటి వారం ఆయనకు పెద్ద తగాదా దేవుడితో కాదు, వారంతో. ఇక్కడ మా తెలుగు కూటం శుక్రవారం. సెలవు ఆరోజే. "శుక్రవారం ఆరాధన ఏంటమ్మా, ప్రభువు లేచింది ఆదివారం కదా," అని గొణిగాడు. కూటానికి వచ్చాడు, మళ్ళీ ఆదివారం ఒక్కడే కూర్చుని మొత్తం పాటలు పాడుకున్నాడు. మా ఆయన డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి విని, "మీ నాయిన డబుల్ డ్యూటీ జేస్తుండు," అన్నాడు. ఓవర్‌టైం ఎవరిస్తారో అని నేను నవ్వాను.

వాళ్ళిద్దరి మధ్య మర్యాదకు లోటు లేదు. మర్యాద తప్ప ఇంకేమీ లేదు. నాన్న ఆయన్ని "బాబూ, మీరు" అనేవాడు. ఆయన "మామా" అని పిలిచి చెయ్యి పట్టుకుని బాత్రూము దాకా నడిపించేవాడు. ఒక సెలవు రోజు జల్లాఖ్ బీచ్‌కి తీసుకెళ్ళి, నాన్న పంచె పైకి మడిచి సముద్రంలో నిలబెట్టాడు. అల కాళ్ళకు తగిలినప్పుడల్లా నాన్న కొంచెం ఎగిరిపడేవాడు, మా ఆయన మాత్రం చెయ్యి వదల్లేదు. ఎల్లమ్మ పటం నాన్నకు కనపడదు గానీ ఊదొత్తి వాసన వస్తుంది. మొదట్లో ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఒకరోజు మా ఆయన జ్వరంతో పడుకున్నాడు. పొద్దున్నే నాన్న నన్ను పిలిచి, "ఈ రోజు ఊదొత్తి ఎలిగించలేదేంటమ్మా, ఆ బాబుకి ఒంట్లో ఎట్టా ఉంది?" అని అడిగాడు. ఆ మాట విన్నాకే నాకు ఆశ పుట్టింది.

అయినా అడగలేకపోయాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. కానీ ఒకసారి "అడగొద్దు" అన్న మనిషిని ఎట్లా అడగాలి? అడగకుండా తీసుకునే దారి ఒకటే కనిపించింది, ఆచారం దారి. నేను వండి పెడితే, తిన్నాక ఆయన చేతులు వాటంతట అవే లేస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మా ఇంట్లో విందు వంట నాది కాదు. నా వంట జావ కాచినట్టు ఉంటుందని క్లినిక్‌లో కూడా తెలుసు. పెళ్ళికి ముందు కూలీల క్యాంపులో ఎనిమిదిమందికి వండి చెయ్యి తిరిగిన మా ఆయనే శుక్రవారాలు పొయ్యి దగ్గర ఉంటాడు. నాన్న వెళ్ళిపోవడానికి రెండు రోజుల ముందు, చివరి శుక్రవారం, మా ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"మాంసం కూర నువ్వు చెయ్యి. నేను వడ్డిస్తా. నేనే వండానని చెప్తా."

"ముసలాయనకు కండ్లు కనవడయని మోసం జేస్తవా?"

"మా వాక్యంలోనే ఉందీ మోసం."

ఆ కథ ఆయనకు చెప్పాను. గుడ్డి తండ్రి పెద్ద కొడుకును వేటాడి వండి తెమ్మన్నాడు. ఈలోపు తల్లి మేకపిల్లను వండి, చిన్నకొడుకు నున్నటి చేతులకు మేకతోలు చుట్టి, అన్నలా తయారుచేసి లోపలికి పంపింది. తండ్రి తడిమి చూసి, తిని, దీవించాడు.

"మరి అండ్ల ఆఖర్కి దొరికిండా?"

"దొరికాడు. కానీ దీవెన వాడికే ఉండిపోయింది."

"పెద్దోడు ఏమన్నడు?"

"ఏడ్చాడు. నాకు ఒక్కటైనా మిగల్చలేదా నాన్నా అని."

ఆయన ఉల్లిపాయలన్నీ కోసి పక్కన పెట్టాడు. "జర కుడుక తియ్యి ఇటు," అన్నాడు. ఎండుకొబ్బరి చిప్ప అందించాను.

కూర దిగాక ఆ మసాలా నా చేతులకు, కొంగుకు రాసుకున్నాను. ఇంత చదువుకున్న మనిషిని, మేకతోలుకు బదులు గరం మసాలా పూసుకుంటున్నానని అప్పుడు తోచలేదు. నాన్న పక్కన కూర్చుని ముద్ద కలిపి చేతికి అందించాను. ఆయన నిదానంగా నమిలాడు. ఇంకో ముద్ద పెట్టమన్నాడు. కంచం ఖాళీ చేశాక నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"చేతులు నీయేనమ్మా. కూర మాత్రం నీది కాదు."

తేలు కుట్టిన దొంగలా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"మన ఇళ్ళల్లో మాంసంలో ఇంత ఎండుకొబ్బరి ఎవరేస్తారు? పన్నెండు శుక్రవారాల నుంచి తింటన్నా ఈ చేతి వంట. నాకు పోయింది చూపు, నాలుక కాదు."

పన్నెండు శుక్రవారాలుగా ఆ చేతి కూరే తింటున్న మనిషిని, అదే కూరతో మోసం చెయ్యబోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మీ తమ్ముడి మాడిన ఉప్మా తిన్నోణ్ణి, నీ పప్పు తిననా తల్లీ," అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఏడుపొచ్చింది. తర్వాత, "ఆ అబ్బాయిని పిలువు," అన్నాడు. పన్నెండు వారాల్లో మా ఆయన్ని 'అబ్బాయి' అనడం అదే మొదలు.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి కింద కూర్చున్నాడు. నాన్న ఆయన అరచేతులు రెండూ తీసుకుని తడిమాడు. పైపులు పట్టి కాయలు కాసిన చేతులు. మణికట్టు దగ్గర మచ్చ మీద వేలు ఆపాడు.

"ఇదేంట్రా?"

"కాలిన పైపు తగిలింది మామా. పాతదే."

"వంచు తల."

ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. "నాకెందుకు మామా. మీ బిడ్డకియ్యుండ్రి. దానికోసమే పొద్దుగాల సంది పరేషాన్ అయితుంది."

"ఎవరు వండితే వాళ్ళకే. మా నాయన పెట్టిన పద్ధతి, నేను మార్చలేను."

నేను లేచి వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషం సంతోషపడలేదు. ఎల్లమ్మకు మొక్కే మనిషి తల మీద మా నాన్న చేతులు ఉన్నాయి, అంతకంటే ఏం కావాలి? అయినా నాకు కావాలి. ఆ ఏడ్చిన పెద్దకొడుకు బాధ నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. మళ్ళీ తలుపు వెనకే మిగిలాను అనుకున్నాను.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "నీ ముంగిట నీళ్ళుండాలి. నీ గాదెలో గింజలుండాలి. నువ్వు పోయే దారిలో దేవుడు ముందు నడవాలి," అన్నాడు. ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. నీళ్ళు, గింజలు, దారి. మళ్ళీ అక్కడే ఆగాడు. ఆయన ముఖంలో భయం చూశాను. చూపు పోయినప్పుడు కూడా అంత భయపడలేదు. తాత ఇచ్చిన ఆస్తిలో ఒక ముక్క ఎక్కడో జారిపోయింది.

"తిరిగొచ్చినప్పుడు నీకు తలుపు తెరిచి ఉండాలి," అన్నాను నేను.

నాన్న నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"నీకెట్టా తెలుసమ్మా?"

"తమ్ముడి పెళ్ళప్పుడు, తలుపు వెనక నిలబడి విన్నా నాన్నా."

"ఒక్కసారే కదమ్మా చెప్పింది."

"ఒక్కసారి చాలింది."

నాన్న ఒక చెయ్యి మా ఆయన తల మీద అట్లాగే ఉంచి, రెండోది గాల్లోకి చాచాడు. అది నా కోసం వెతుకుతోంది. నేను వెళ్ళి ఆ చేతి కింద కూర్చున్నాను. మసాలా వాసనతో, ఏడుపు ముఖంతో.

"వండకుండా ఇస్తే మా నాయన ఒప్పుకోడు," అన్నాడు. "అయినా మాటలు దాచిపెట్టింది నువ్వు కాబట్టి ఏమనుకోడులే. నువ్వు చెప్పు, నేను నీ ఎనకాల అంటా."

చెప్పాను. నీళ్ళు, గింజలు, దారి, తలుపు. ఒక్కో మాటా నేను అందిస్తుంటే ఆయన పైకి అన్నాడు. నాలుగు మాటలూ అయ్యాక ఆగిపోయాను. అక్కడ బిడ్డ పేరు రావాలి. నేను విన్నప్పుడు అక్కడ ఉన్నది తమ్ముడి పేరు. నా పేరుతో ఆ దీవెన నేను ఎన్నడూ వినలేదు, ఎట్లా అందించాలో తెలియలేదు.

నాన్న ముందు మా ఆయన పేరు చెప్పాడు. ఆ తర్వాత నా పేరు, చిన్నప్పుడు పిలిచే ముద్దుపేరు కాదు, బాప్తిస్మం నాడు తాను పెట్టిన పూర్తి పేరు, తడుముకోకుండా చెప్పాడు. ఆ ఒక్కటి నేను అందించవలసిన పని లేకపోయింది.