తోడికోడలి మరవలో పచ్చముద్ద

మా ఇంట్లో మట్టి కడిగేటప్పుడు బంగారం అన్న మాట ఎవరూ అనరు. ‘పచ్చది’ అంటాం. పేరు పెట్టి పిలిస్తే అది జారి అడుక్కు పోతుందని మా అత్తగారి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు, అయినా పెళ్ళయిన నాటినుంచీ ఆ కట్టు తప్పలేదు. నిరుడు మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, కొండ ఏటి ఒడ్డున మా చిన్న తోడికోడలు మాత్రం మరవ పట్టుకుని లేచి నిలబడి, “అక్కా, బంగారం!” అని కొండంతా వినబడేలా అరిచింది. అది ఎక్కడికీ జారిపోలేదు.

మరవ అంటే మట్టి కడిగే చెక్క పళ్ళెం. కోయంబత్తూరు నగల పనివాళ్ళ వీధిలో పట్టరలు, అంటే వాళ్ళు పనిచేసే కొట్లు, ఊడ్చిన దుమ్ము, కాలవలో చేరిన బురద గుత్తకు తీసుకుని కడగటం మా కుటుంబం పని. మార్గళిలో ముహూర్తాలుండవు కాబట్టి వీధిలో పని పలచబడుతుంది. అప్పుడు మలయాళం వైపు కొండల్లో ఏటికి పోతాం. వీధి మట్టిలో దొరికింది అందరిదీ. ఏట్లో దొరికింది ఎవరి మరవలో పడితే వాళ్ళది. ఏట్లో దొరికేవి ఆవగింజలో సగమైనా ఉండని రవ్వలు గనక, ఈ కట్టు మీద ఎన్నడూ తగువు రాలేదు.

ఆ రోజు తోడికోడలి చేతిలో ఉన్నది చిక్కుడు గింజంత ముద్ద. దాని ఒక పక్క సొట్టలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

ఆవిడ పుట్టిల్లు చిన్నమనూరు. ద్రాక్షతోటల పిల్ల. మరవ తిప్పటం ఇప్పటికీ సరిగ్గా రాదు, సగం నీళ్ళు తన చీర మీదే పోసుకుంటుంది. ముద్ద దొరికిన గుంటను పొద్దున ముందు చూసింది నేను. రాళ్ళు ఎక్కువ, ఇసుక తక్కువ అని లెక్కేసి వదిలేశాను. లెక్క తెలియని మనిషి అందులో కూర్చుంది.

“నోరు ముయ్యవే! ఊరంతా పిలుస్తావా ఏమి?” అని అత్తగారు పరుగున వచ్చి, ముద్దను చూసి తనే నోరు మూసుకుంది.

తోడికోడలు నావైపు తిరిగి, “అక్కా, దీనితో ఇంటి అడ్వాన్సుకు సరిపోతాదా?” అంది.

ఆవిడ కోరిక మాకందరికీ తెలుసు. మా ఇంట్లో ఆవిడకూ మా మరిదికీ ఉన్నది తెర కట్టిన నడవ. వేరే రెండు గదులు అద్దెకు చూసుకున్నారు గాని, ఓనరు అడిగిన అడ్వాన్సు చేతిలో లేదు. నాకూ ఎప్పటినుంచో అలాంటి రెండు గదులు కావాలి. నేనెవరికీ చెప్పలేదు. ఆవిడ అందరికీ చెప్పింది, ఇప్పుడు ముద్ద కూడా ఆవిడకే దొరికింది. “తూచితే గాని తెలీదు,” అన్నాను.

పచ్చది నిజమో కాదో మా ఇంట్లో తేల్చేది నేను. తమిళ బడిలో అయిదో తరగతితో ఆగాను. త్రాసు, మచ్చు, శాతం అన్నీ వీధిలో చూసి నేర్చుకున్నవే.

ఇంటికొచ్చి ముద్దను గీటురాయి మీద గీశాను. గీత పాలిపోయి ఉంది. మా కళ్ళకు అలవాటైనది నగల బంగారం, రాగి కలిసి కాస్త ఎర్రగా ఉంటుంది. “ఇదేమి పచ్చదే, కామెర్లు వచ్చిన మొగం మాదిరి ఉండాది! వెండి కలిపిన సరుకు,” అని అత్తగారు పెదవి విరిచింది. లోపల నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. ముద్దను దారంతో కట్టి ముందు గాలిలో, తర్వాత నీళ్ళలో ముంచి తూచాను. గాలిలో ఎనిమిది గ్రాముల నాలుగు వందల మిల్లీ. నీళ్ళలో తగ్గినది అర గ్రాము. అంటే నీటికి దాదాపు పదిహేడు రెట్ల బరువు. వెండి పదిన్నర దాటదు. ఇత్తడి ఇంకా తక్కువ. ఇది బంగారమే, అదీ లోపల ఆ తెల్లటిది ఉండి కూడా ఇంత బరువు. రెండోసారి తూచాను. అదే వచ్చింది.

అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ముందు వారం అదే మరవలో వీధి మట్టి కడిగాం. దాని అడుగున ఒక పగులుంది. “పట్టరలో మూస నుంచి జారిన బొట్టు ఆ పగులులో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ తెల్లది వెలిగారం,” అన్నాను. కరిగించేటప్పుడు పనివాళ్ళు వేసే వెలిగారం చల్లారితే గాజులా అంటుకుంటుంది. అదే అయితే ముద్ద వీధిది, అత్తగారికి, మాకు, వాళ్ళకు మూడు వాటాలు వేసుకోవాలి. అంత ముద్ద పగులులో ఎవరికీ కనబడకుండా ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. అందరికీ వాటా కావాలి.

తోడికోడలు ముఖం చిన్నబోయింది. “ఎట్ల తెలిసేది అక్కా?”

“వేడినీళ్ళలో కాగనిస్తే వెలిగారం కరిగి పోతాది. రాయి కరగదు.”

“శరి, కాచు. కరిగితే అందరిదీ, కరగకుంటే నాది. నువ్వు సెప్తే శరే.”

నా మీద ఆ నమ్మకం కూడా నాకు గిట్టలేదు. గిన్నెలో నీళ్ళు పోసి ముద్దను వేసి పొయ్యి వెలిగించాను. ఇల్లంతా వంటగది గుమ్మంలో చేరింది.

“వదినా, ఉప్పు, చింతపండు వేయమంటావా?” అని మరిది నవ్వాడు.

“రసమైతే ముందు నీ తలన పోస్తా, ఉండు.”

“ఇంగా ఎంతసేపు? గ్యాసు ఊరికే వస్తా ఉండాదా?” అని అత్తగారు సణిగింది.

నీళ్ళు తగ్గితే మళ్ళీ పోశాను. నా చూపంతా ఆ తెల్లదాని మీదే. కరుగు, కరుగు అనుకుంటూ నిలబడ్డాను. అంచు కాస్త తగ్గినట్టు ఒకసారి తోచింది, తీరా చూస్తే ఆవిరి. చివరికి ముద్దను బయటికి తీసి సూదితో గీకాను. సూది జారింది. తెల్లది అట్లాగే ఉంది, పైగా శుభ్రంగా మెరుస్తోంది.

“రాయి. ఏటిదే,” అన్నాను.

మా ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయారు. తోడికోడలు నన్ను గట్టిగా వాటేసుకుంది. నా చేతులు కిందికే ఉన్నాయి.

అమ్మటానికి కూడా నన్నే తోడు రమ్మంది. వీధిలో మాకు తెలిసిన ఆచారి ముద్దను అరచేతిలో దొర్లించి, “ఏమ్మా ఇది, శెనక్కాయ మిఠాయి మాదిరి ఉండాది? కరిగించకుండా నేను వెల సెప్పను,” అన్నాడు. “అట్లే ఉంటే అందంగా ఉండాది అన్నా,” అంటూనే ఆవిడ ఇచ్చింది. మంటలో తెల్లరాయి చిట్లి పైకి తేలింది. అడుగున నున్నటి బిళ్ళ మిగిలింది. మెషీన్ ఎనభై ఎనిమిది శాతం చూపించింది.

“ఎనభై అయిదు వేసుకుంటా,” అన్నాడు ఆచారి.

ఆవిడ తల ఊపింది. నేను ఊరుకోవలసింది. ఆ మూడు శాతం పోతే అడ్వాన్సుకు కాస్త తక్కువయ్యేది, ఇంకో ఏడాది తెర వెనకే ఉండేది. కానీ కళ్ళెదుట తప్పు అంకె పెట్టుకుని కూర్చోవటం నావల్ల కాలేదు. “మూడు యాడ పోయింది అన్నా?” అన్నాను.

“మీ అక్కను ఏల పిలుచుకొస్తివి తల్లీ? నాకు టీకి కూడా మిగలనీదు,” అని నవ్వి ఆచారి ఎనభై ఎనిమిదికే కట్టాడు.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో వాళ్ళు ఉడుమలైపేట రోడ్డు పక్కన మేడ మీద రెండు గదుల్లోకి మారారు. పాలు పొంగించే రోజు అందరం వెళ్ళాం. పాలు గిన్నె దాటి కారుతుంటే అత్తగారు, “చాలు, ఆపవే, పొయ్యంతా పాడవతాది,” అంది.

“కారనీ అత్తా. నా పొయ్యి, నేనే తుడుచుకుంటా,” అంది మా తోడికోడలు.

అందరూ నవ్వారు, అత్తగారితో సహా. ఆ ముద్ద దొరికినప్పుడు కూడా నాకు అంత కుళ్ళు పుట్టలేదు. నేను వెలిగించే పొయ్యి మంట ఎంత ఉండాలో ఇప్పటికీ వెనకనుంచి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

మెట్లు దిగుతూ ఇంటి ఓనరు కనబడితే, “కింద పోర్షను ఖాళీ ఉండాదా అన్నా?” అని అడిగాను.

“వచ్చే నెల ఖాళీ అవతాది. అడ్వాన్సు మాత్రం పైదాని కంటే ఎక్కువమ్మా,” అని అంకె చెప్పాడు.

“వాడితో ఏమి మాట్లాడినావు?” అన్నారు మా ఆయన బండి తీస్తూ.

“ఏమీ లేదు.”

సిగ్నల్ దగ్గర బండి ఆగేలోపే ఆ అడ్వాన్సును గ్రాముల్లోకి మార్చుకున్నాను. ఏడాదికి వీధి మట్టిలో మా వాటా ఎంతో నాకు తెలుసు. అందులోంచి ఇంటి ఖర్చు తీసేసి, మిగిలిన దానితో ఎన్నేళ్ళు పడుతుందో చూశాను. చాలా ఏళ్ళు వచ్చాయి. పచ్చలైటు పడ్డాక, ఎక్కడైనా పొరపాటు చేశానేమోనని మళ్ళీ మొదటినుంచి చూశాను.