రాణిని తిప్పిన చెయ్యి

కార్ఖానాలో ఆయన్ని అందరూ గీతల మేస్త్రీ అనేవాళ్ళు. ఆ కార్ఖానాలో అచ్చయ్యేవి పేకముక్కలు. అందులోని రాజులూ రాణులూ జాకీలూ అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. అంతమంది రాజులకు తలలు గీసినాయన ఒక్క రాజుకైనా కాళ్ళు గీసిన పాపాన పోలేదు. గీసేది నడుము దాకానే. ఆ సగాన్నే తలకిందులు చేసి రెండో సగంగా అతికించేవాడు. అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చిందా, రాజుగారికి నడుం పట్టేసినట్టు ఉంటుంది.

ఇక ఆ పనిలో గొప్పేమిటంటే, కొత్తగా ఏమీ గీయకపోవడమే. అచ్చు అరిగి గీతలు మందమైతే, పాత బొమ్మను ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు మళ్ళీ దించాలి. ఎప్పుడో ఎవరో బొమ్మ చెక్కుతూ చెయ్యి జారి ఆఠీను రాజు మీసం ఎగరగొట్టాడంటారు. ఆ తప్పే రివాజై కూర్చుంది. కత్తి మొన తల వెనక్కి పోయి, పాపం, తనను తానే పొడుచుకుంటున్నట్టు ఉంటాడు. దిద్దుదామని చెయ్యి ఎంత దురద పెట్టినా దిద్దకూడదు. దిద్దితే ఆడేవాళ్ళు ఇదేం పేకయ్యా అని మొహాన కొడతారు. ఆ రాజుకి పోయిన మీసమే వచ్చి మన మేస్త్రీకి అంటుకుందని కార్ఖానాలో ఒక హాస్యం. మీసం అంత దట్టంగా ఉండేది మరి. దాని కింద పెదవులున్నాయో లేవో కూడా తెలిసేది కాదు.

మనిషా, నోట్లో నాలుక లేని మనిషి. భార్య కుట్టుపని చేసేది, బడిపిల్లల చొక్కాలూ లాగూలూ. మేడ మీద రెండు గదులు. కిటికీ పక్కన బల్ల, బల్లకి అటొక కుర్చీ ఇటొక కుర్చీ. పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో సాయంత్రాలు ఏం చేయాలో తోచక, ఆయన ఒక పేక తెచ్చి ఆవిడకు ఆట నేర్పాడు. నేర్పడానికి కూడా పెద్దగా మాటలు వాడలేదు, వేలితో చూపించాడు.

ఒక్క సాయంత్రం మాత్రం నోరు విప్పాడు. విప్పినవాడు ఆపలేదు.

"పూర్వం పేకలో రాజుకి ఒకటే తల. కాళ్ళ దాకా నిలబడి ఉండేవాడు. ముక్క తిరగబడి చేతికొస్తే తలకిందులుగా వేలాడేవాడు. అది చూడలేక ఆడేవాళ్ళు చటుక్కున తిప్పి పట్టుకునేవాళ్ళు. ఎదుటివాడికి కావలసింది అదే. తిప్పాడంటే చేతిలో బొమ్మముక్క ఉన్నట్టే. అందుకని రెండు వైపులా తలలు పెట్టారు. ఇప్పుడు ఎటు పట్టుకున్నా నిటారే, తిప్పే పనే లేదు."

ఆవిడ పళ్ళతో దారం తెంపుతూ అంతా విన్నది. "మా తాత దగ్గర అలాంటి పాత పేకే ఉండేదండీ. మేమూ తిప్పేవాళ్ళం" అన్నది.

ఆ పూట ఆటలో ఆవిడ ఒక ముక్క ఎత్తింది, చూసింది, చేతిలోనే సగం చుట్టు తిప్పి పెట్టుకుంది. ఆయన అది చూశాడు. చిన్నప్పటి అలవాటు, పాపం తనకే తెలియదు అనుకున్నాడు. మీసం కింద నవ్వుకున్నాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆవిడ ఆ తిప్పడం మానలేదు, ఆయన చెప్పనూ లేదు. చెబితే మానేస్తుందని భయం. ఆవిడ ముక్క తిప్పగానే, రాజో రాణో కూడబెడుతోందని ఈయనకు తెలిసిపోయేది. తను ఎంతో ఆశగా దాచుకున్న రాజుని తీసి, ఏమీ ఎరగనట్టు కింద వేసేవాడు. ఆవిడ చటుక్కున అందుకునేది. షో చెప్పి, ఆయన సరిగ్గా చూసేలోపే ముక్కలు కలిపేసేది.

"బొమ్మలు గీయడమే గాని మీకు ఆడటం రాదండీ" అని దెప్పేది. ఓడిపోతూ అంత హాయిగా ఉన్న మనిషిని మీరు చూసి ఉండరు. ఆయనకంటూ లోకంలో ఉన్న రహస్యం అదొక్కటే. ఆవిడకు తెలియకుండా ఆవిడను గెలిపిస్తున్నానని మురిసిపోయేవాడు. అలా మురుస్తూనే తల నెరిసింది.

వానలు మొదలయ్యేటప్పుడు జ్వరమని పడుకున్నావిడ వానలు తగ్గేసరికి లేదు. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. ముందూ మాట్లాడేవాడు కాదు గనక, ఇప్పుడు మాట్లాడటం లేదని కార్ఖానాలో ఎవరికీ తెలియలేదు. ఇంటికొచ్చి ఒక్క గ్లాసులో టీ పోసుకుని, తన కుర్చీలో తను కూర్చుని, ఎదుటి కుర్చీ వైపు చూడకుండా తాగేవాడు. పేక మాత్రం ఆవిడ పెట్టిన చోటే, బల్ల మీద, రబ్బరు బ్యాండు వేసి ఉంది. దుమ్ము తుడవడానికి ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. పగలంతా పేకముక్కల మధ్య బతికే మనిషికి ఆ పేక విప్పాలంటే చేతులు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు వచ్చింది, ఆవిడ చెల్లెలు. ఒళ్ళు వంచి ఇల్లంతా తుడిచింది, అక్క చీరలు మడతపెట్టింది, వాటి మీద పడి కాసేపు ఏడ్చింది. వెళ్ళబోతూ, "బావగారూ, అక్క గుర్తుగా ఏదైనా ఒకటి పట్టుకెళ్తాను" అన్నది.

"కుట్టు మిషను తీసుకో" అన్నాడాయన.

"నాకు గుండీ కుట్టుకోవడమే రాదు. ఆ పేక ఇవ్వండి."

ఆయన బల్ల మీది పేక వంక చూశాడు. ఏదడిగినా ఇద్దును, ఇదే అడగాలా. ఇదిస్తే ఆ బల్ల దగ్గర ఇక ఏం మిగులుతుంది. కానీ కాదనడం ఆయనకు ఎన్నడూ చేతనైంది కాదు. "ఒక్క ఆట ఆడి తీసుకెళ్ళు" అన్నాడు.

మరదలు ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆయన బ్యాండు తీసి, కలిపి, పంచాడు. ఆ పిల్ల ముక్క ఎత్తడం, దింపడం, ఆయన దాని చేతుల వంకే చూడటం. అదీ తిప్పుతుందని ఆశ. ఒక్కటీ తిప్పలేదు. కాసేపటికి షో చెప్పి ముక్కలు పరిచింది. అందులో మూడు రాణులు.

"మూడు రాణులుండి ఒక్కటీ తిప్పలేదేం?" అన్నాడు.

"తిప్పడమేంటి?"

"మీ తాత పాత పేకతో అలవాటు కదా, మీకు."

"మా తాత దగ్గర పేకా? ముక్క కనబడితే పొయ్యిలో పెట్టేవాడు. అక్క ఆట నేర్చుకుంది మీ దగ్గరే. నాకు నేర్పింది అక్క." నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగింది. "మీకు నిజంగా తెలియదా బావగారూ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అక్క చెప్పేది. మీ బావ బయటికి నవ్వడే, నేను ముక్క తిప్పితే మాత్రం మీసం కింద నవ్వుకుంటాడు, అది చూడటానికే తిప్పుతాను అనేది. బొమ్మముక్క రాని రోజున ఏడునో ఎనిమిదినో తిప్పేదట. మీరు పాపం బంగారంలాంటి రాజుని తీసి కింద పడేసేవారట."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. ఇన్నాళ్ళూ ఈయన చేసిందీ అదే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాళ్ళుంటారు. అలా తన్నింది కట్టుకున్న పెళ్ళామే. ముందు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తర్వాత పట్టరాని సంతోషం వేసింది. ఆ వెనకే, అంతకంటే పెద్ద దుఃఖం వచ్చింది. నేను నవ్వుతానని రోజూ కాచుకుని కూర్చుందే, ఒక్కసారి పైకి నవ్వి ఉంటే నా సొమ్మేం పోయేది అనుకున్నాడు.

ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, బ్యాండు వేసి ఇచ్చాడు. మరదలు వెంటనే సంచిలో వేసుకోలేదు. బ్యాండు తీసి, వెతికి, ఆఠీను రాణిని ఆయన ముందు పెట్టింది.

"ఇది మీ దగ్గరుండనివ్వండి."

"ఒక్క ముక్క తక్కువైనా పేక పనికిరాదమ్మా" అన్నాడు. కార్ఖానా బుద్ధి మరి.

"ఈ పేకతో ఇక ఎవరాడతారు బావగారూ?" అని కళ్ళొత్తుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన తన కుర్చీలోనే ఉండిపోయాడు. కాసేపటికి రాణిని చేతిలోకి తీసుకున్నాడు. ఇటొక తల, అటొక తల, రెండూ తను గీసినవే. వేళ్ళ మధ్య మెల్లగా సగం చుట్టు తిప్పి పట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది నవ్వు. ఈసారి మీసం కింద ఆగలేదు, గదంతా వినబడేట్టు నవ్వాడు. చూసేవాళ్ళు మాత్రం ఎదుటి కుర్చీలో లేరు.