పక్కింటి వైపు వాలు

నా చిన్నప్పుడు, పామర్రు దగ్గర మా ఊళ్ళో, వానాకాలం వచ్చిందంటే బండి ఇంటి దాకా వచ్చేది కాదు. మాది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చాలు, చక్రం వాకిట్లో దిగబడేది. వీధిలో వాళ్ళు వచ్చి తలో చెయ్యీ వేయాల్సిందే. మా తాతయ్యకు అది మహా నామోషీగా ఉండేది. ఊరందరికీ సలహాలు చెప్పే మనిషి తన బండిని తన మెట్ల దాకా తెచ్చుకోలేకపోతున్నాడని తనలో తానే కుమిలిపోయేవాడు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం మా అబ్బాయి. విజయవాడ శివార్లలో మా ఇంటికి, గేటు నుంచి మెట్ల దాకా కారు దారి వేయిస్తానని పట్టుబట్టాడు. కాంక్రీటా, పార్కింగ్ టైల్సా, గ్రానైటా, ఇసుక మీద పేర్చే సిమెంటు ఇటుకలా అని రోజూ భోజనాల దగ్గర ఫోనులో బొమ్మలు చూపిస్తాడు. గ్రానైటు మా తాహతుకు మించింది, పైగా తడిస్తే నా వయసు వాళ్ళు కాలు పెట్టలేరు. టైల్స్ కింద రేగడి కదిలితే పగుళ్ళిస్తాయని మేస్త్రీయే చెప్పాడు. ఇక మొత్తం కాంక్రీటు పోసేస్తే చవకలో తేలిపోతుందని మావాడి వాదన. వాడి లెక్క తప్పని నేననను. మా తాతయ్య లెక్క కూడా తప్పేమీ కాదు.

సిమెంటు పర్మిట్టు మీద దొరికే రోజులవి. గ్రావెల్ తోలించుకోమని కొందరు, నాపరాళ్ళు పరిపించమని కొందరు తాతయ్యకు చెప్పారు. గ్రావెల్‌ని ఏటా రేగడి మింగేస్తుంది, రాళ్ళు కుంగిపోతాయి అని ఆయన రెండింటినీ కొట్టిపారేశాడు. ఎక్కడెక్కడో తిరిగి సిమెంటు సంపాదించి, వాకిలంతా మెరక తోలించి, గోడ నుంచి పక్కింటి దడి దాకా గచ్చు చేయించాడు. మా కృష్ణా జిల్లా వాళ్ళకో జబ్బుంది. పక్కవాడి వాకిలి కంటే మన వాకిలి జానెడు ఎత్తున ఉంటే గానీ నిద్రపట్టదు. ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయని మా నాయనమ్మ అడిగితే, నీరు పల్లమెరుగు అని నవ్వి ఊరుకున్నాడు. ఆ పల్లంలో ఎవరున్నారో ఆలోచించలేదు.

అక్కడున్నది పక్కింటి అత్తయ్య. చుట్టరికం లేదు, వరస కలిపి పిలుచుకునేవాళ్ళం. భర్త పోయాక కౌలు సేద్యం తనే చేసుకుంటూ పిల్లల్ని సాకుతుండేది. మా రెండిళ్ళకూ మధ్య తాటాకు దడి, దడి అవతలే ఆమె పురి. గడ్డితో పేనిన వెంటి చుట్టి, లోపల ధాన్యం పోసి నిలవ చేసుకునే ఆ పురే ఆ ఇంటికి కొత్త పంట వచ్చేదాకా అన్నం.

ఆ ఏడు మొదటి పెద్ద వానకు మా బండి దర్జాగా వచ్చి మెట్ల ముందు ఆగింది. తాతయ్య అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చూపించుకున్నాడు. అంతకుముందు వాన నీళ్ళు కొన్ని నెర్రెల్లోకి ఇంకేవి, కొన్ని మా వాకిటి గుంటల్లోనే నిలిచేవి. ఇప్పుడు చుక్క నిలవకుండా దడి కింద నుంచి అవతలికి జారిపోయాయి. ఆ ముసురు చాలా రోజులు వదల్లేదు.

వాన వెలిశాక దడి సందులోంచి చూశాను. అత్తయ్య పురి విప్పింది. అడుగు ధాన్యమంతా నాని మొలకలెత్తి, పుల్లటి కంపు కొడుతోంది. పనికొచ్చే గింజలేమైనా ఉన్నాయేమోనని తల్లీ పిల్లలూ చేటలు పట్టుకుని ఏరుకుంటున్నారు. పరుగెత్తి వెళ్ళి తాతయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన మొహం చూసి నాకు భయమేసింది. అంత పెద్దమనిషి అలా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

మా గాదెలోంచి కావలసినంత ధాన్యం పంపిస్తానన్నాడు తాతయ్య. ఆమె చేతిలో చేట కింద పెట్టలేదు, గొంతూ పెంచలేదు.

"ఇస్తారు, కాదనను బాబాయిగారూ. కానీ రేపు మళ్ళీ వానొస్తే ఆ నీళ్ళు మా ఇంటికే కదండీ వచ్చేది."

తాతయ్య వెనుదిరిగాడు. ఇంటికొచ్చి గునపం తీసుకుని దడి వారగా గచ్చు పగలగొట్టడం మొదలుపెట్టాడు. కూలివాళ్ళను పిలుద్దామని నాయనమ్మ అంటే వద్దన్నాడు. ముచ్చటపడి చూసిపోయిన వీధి జనమే మళ్ళీ వచ్చి, ఈయనకేమైనా మతిపోయిందా అన్నట్టు చూశారు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. దడి పొడవునా గచ్చు లేపేసి, కాలవ తవ్వి, నీళ్ళను మా పెరట్లోంచి పొలాలకు నీరు పారే పంటబోదెలోకి మళ్ళించాడు. తర్వాత మేస్త్రీని పిలిపించి మిగిలిన గచ్చు వాలు కూడా మా వైపుకే తిప్పించాడు. ధాన్యమూ పంపాడు, అత్తయ్య తీసుకుంది. అయినా దడి దగ్గర నిలబడి నాయనమ్మతో కబుర్లు చెప్పుకునే ఆ పాత చనువు మాత్రం మళ్ళీ పూర్తిగా రాలేదు. ఆ బెంగ నాయనమ్మకు చివరిదాకా ఉండిపోయింది.

మా అబ్బాయికి ఇదంతా చెబితే, "ఇప్పుడు పురులెక్కడున్నాయమ్మా?" అని నవ్వాడు. నిజమే, లేవు. కానీ ప్రహరీ అవతల పక్కింట్లో అద్దెకున్న వాళ్ళు, రోడ్డు ఎత్తు పెరిగినప్పటి నుంచి, మబ్బు పడితే చాలు గడప దగ్గర గోనెసంచులు పరుచుకుంటున్నారు. వాడికది చూపించాను. కాసేపు గొణిగి, చివరికి ఇసుక మీద పేర్చే ఇటుకలకే ఒప్పుకున్నాడు. కాంక్రీటు కంటే ఖర్చు కాస్త ఎక్కువే. అయితే నేల కుంగినచోట ఇటుకలు తీసి మళ్ళీ పేర్చుకోవచ్చు, సందుల్లోంచి కొంత నీరు కిందికి ఇంకుతుంది. ప్రహరీ వారగా మట్టి అలాగే వదిలి, వాలు వీధి కాలవ వైపు పెట్టించాం. వీధి వీధంతా సిమెంటైపోయాక మా కాస్త మట్టి ఎన్ని నీళ్ళు తాగగలదో నాకు తెలియదు. ఆ కాలవైనా ఎన్నాళ్ళు పూడిపోకుండా ఉంటుందో చెప్పలేను.

అందుకే ఇప్పటికీ జోరువాన పట్టిందంటే నా మనసు మనసులో ఉండదు. కిటికీలు వేయడం, ఆరేసిన బట్టలు తీయడం మా కోడలు చూసుకుంటుంది. తడుస్తారు లోపలికి రండి అత్తయ్యా అని ఆమె కేకేస్తూనే ఉంటుంది. నేను గొడుగేసుకుని ప్రహరీ పక్కనే నిలబడతాను. అవతలి గడప పొడిగా ఉందని కళ్ళారా చూస్తే గానీ నా ఇంట్లోకి నాకు కాలు సాగదు.