అన్‌ఫిట్ అయిన కంప్యూటర్

గోదావరిఖనిలో నాకొక డీటీపీ సెంటర్ ఉంది. ఉందన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్, గోడ పక్కన ఒక బెంచీ. నా పనిలో సగం బొగ్గుగని కార్మికుల దరఖాస్తులు టైపు చెయ్యడమే. క్వార్టర్ మార్పిడికి, సెలవుకి, బదిలీకి, అన్నిటికన్నా ఎక్కువగా అన్‌ఫిట్ కాగితాలకి. గనిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి వస్తుంది. ఆయన దిగాలి, అప్పుడే వారసుడు ఎక్కుతాడు. ఇద్దరూ ఒకేసారి ఉండటానికి లేదు. మా దగ్గర బడికి పోని పిల్లలకు కూడా తెలిసిన రూలు అది.

ఆ రూలును తీసుకుపోయి నేను కంప్యూటర్‌కు అంటగట్టాను. తప్పు అక్కడే మొదలైంది.

మా సెంటర్ వెనక గల్లీలో ఒక కాక కిరాయికి ఉంటాడు. ఏళ్ళ తరబడి గనిలో బాయిపని చేసి, మోకాళ్ళు పనిచెయ్యవని అన్‌ఫిట్ అయి, నౌకరీ కొడుకుకు ఇచ్చాడు. ఆ కొడుకు బెల్లంపల్లి వైపు బదిలీ అయి పోయాడు. కాక దగ్గర ఉన్నది కూతురే. ఆమెకు ముప్పై దాటింది. ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద ప్రశ్నపత్రాలు, పెళ్ళి బయోడేటాలు టైపు చేసి ఇస్తుండేది. నా గిరాకీలో కొంత అటు మళ్ళింది. ఆ సంగతి మీద నాకు లోపల మంటగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆమెకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. హైదరాబాదులో ఎవరో రికార్డింగులు పంపిస్తారు, విని తెలుగులో టైపు చెయ్యాలి. నెల జీతం. కానీ వాళ్ళొక షరతు పెట్టారు. కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి, దానికి సొంత లైసెన్సు ఉండాలి. సోమవారం పదింటికి వాళ్ళ ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్‌ను తనిఖీ చేస్తుంది. అందులో తప్పితే ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది.

ఆమె పాత కంప్యూటర్ మీద కొత్త వెర్షన్ ఎక్కదు. దాని ప్రాసెసర్‌ను కొత్త వెర్షన్ ఒప్పుకోదు. అందుకని కాక చేతిలో ఉన్నదంతా పెట్టి మంచిర్యాలలో ఒక సెకండ్‌హ్యాండ్ అసెంబుల్డ్ సిస్టమ్ కొనుక్కొచ్చాడు. అది కొత్త వెర్షన్‌ను మోస్తుంది, కానీ లైసెన్సు లేదు. తెర మూలన లైసెన్సు వేయించుకోండని బూడిదరంగు అక్షరాలు కనబడుతూనే ఉంటాయి.

శుక్రవారం పొద్దున కాక వచ్చాడు. బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. ప్రింటర్ కాగితం మింగి కూర్చుంది.

"పాత దాని లైసెన్సు కొత్తదానికి మార్చరాదా బిడ్డా?" అన్నాడు.

"ఎందుకు రాదు కాకా, వస్తది," అన్నాను తల ఎత్తకుండానే. "కానీ ఒక లైసెన్సు ఒక్కదాని మీదనే ఉండాలె. మన నౌకరి లెక్కనే. పాతది దిగాలె, అప్పుడు కొత్తది ఎక్కుతది."

"అంటే పాతది అన్‌ఫిట్ కావాలె."

"గంతే గంతే."

కాక సంతోషంగా పోయాడు. భలే చెప్పానని నేనూ మురిసిపోయాను.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఒక చేతిలో పాత కంప్యూటర్ డబ్బా, చంకలో తువ్వాల మూట. మూట నా బల్ల మీద పెట్టి విప్పాడు. లోపల మదర్‌బోర్డు. రెండు ముక్కలు.

"ఏంది కాకా ఇది!"

"అన్‌ఫిట్ చేసిన. పక్కా." ఆయన మొహంలో పని బాగా చేసిన మనిషి తృప్తి. "సగం సగం చేస్తే బోర్డోళ్ళు నమ్మరు బిడ్డా. కొంచెం అనుమానమున్నా మళ్ళ డ్యూటీకి తోలుతరు. గందుకే ఎవ్వలు చూసినా మాట్లాడకుండ ఇరగ్గొట్టిన. ఇగ జల్ది కొత్తదానికి ఎక్కియ్యి."

డబ్బాను నా వైపు తిప్పుకుని, దాని పక్కన అంటించిన చిన్న స్టిక్కర్ చదివాను. శుక్రవారమే డబ్బా తెప్పించి చదవాల్సిన స్టిక్కర్ అది.

లైసెన్సుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి మనం విడిగా కొనుక్కునేది. అది మన సొంతం. ఒక కంప్యూటర్ మీద నుంచి తీసేసి ఇంకోదానికి వేసుకోవచ్చు. రెండోది కంప్యూటర్ తయారైనప్పుడే దాంతోపాటు వచ్చేది. తక్కువలో వస్తుంది, కానీ మొదట ఏ మదర్‌బోర్డు మీద పడిందో దానికే కట్టుబడి ఉంటుంది. వెర్షన్ పెంచుకున్నా ఆ బోర్డు మీదే పెంచుకోవాలి. బోర్డు పోతే అదీ పోతుంది. కాక తెచ్చింది రెండో రకం. పలగ్గొట్టకపోయినా అది కొత్తదానికి మారేది కాదు. కాకపోతే కూతురు టైపు చేసుకోవడానికి లైసెన్సున్న కంప్యూటర్ ఒకటన్నా మిగిలేది. ఇప్పుడు అదీ లేదు.

ఇదంతా కాకకు చెప్పాను. ఈసారి దేంతోనూ పోల్చలేదు. బుద్ధొచ్చింది.

"అయితే దీని తర్వాత ఎవ్వలకు రాదా?"

"రాదు కాకా."

"మరి నువ్వే చెప్తివి గదా బిడ్డా."

దాంతో నాకు ఒళ్ళు మండింది. "నేను చెప్తే పలగ్గొడ్తరా? ఒక్కసారి అడిగేది లేదా? గింత తొందరేంది నీకు?" అని అరిచాను. బెంచీ మీదివాళ్ళు తలలు దించుకున్నారు. కాక ముక్కలు తువ్వాలలో జాగ్రత్తగా కట్టుకుని పోయాడు. తప్పు నాదని తెలిసే అంత గట్టిగా అరిచాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

సాయంత్రం కూతురు వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మా బాపును ఏమనకు అక్కా," అంది. "ఈడికెళ్ళి వచ్చిన సంది అన్నం తింటలేడు. అన్నకు నౌకరి ఇచ్చిండు. నాకేం ఇయ్యలేదని ఆయన మనసుల ఉన్నది. గిదన్న నాకు ఇద్దామనుకున్నడు."

"కొత్త లైసెన్సు కొనుక్కుంటే?"

"ఉన్నదంతా ఆ సిస్టమ్‌కే అయింది అక్కా. చూస్త. లేకుంటె లేదు." చిన్నగా నవ్వి పోయింది.

ఆదివారం నేను సెంటర్ తెరవను. ఆ ఆదివారం తెరిచాను. షట్టర్ సగం దింపి, ముందువైపు కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. రెండింట్లో మంచిది అదే, గిరాకీ అంతా దాని మీదే నడుస్తుంది. దానికి ఉన్నది విడిగా కొన్న లైసెన్సు. పాత వెర్షన్‌దే, కానీ తట్టుకునే కంప్యూటర్ దొరికితే కొత్త వెర్షన్‌కు కూడా చెల్లుతుంది. దీని మీద నుంచి తీసేస్తే కాక కొన్న సిస్టమ్‌కు పోతుంది.

పెద్ద మనసుతో చేశానని చెప్పుకోను. గంటసేపు ఇంకో దారి ఏదన్నా ఉందా అని వెతికాను. నా నోటి దురుసుకు నన్ను నేనే తిట్టుకున్నాను. దారి దొరకలేదు. లైసెన్సు తీసేసే కమాండ్ కొట్టాను. తీసేశామని ఒక చిన్న పెట్టె వచ్చింది, సరే అని నొక్కాను. అంతే.

తర్వాత గల్లీలోకి పోయి కాక ఇంట్లో కొత్త సిస్టమ్‌కు ఆ లైసెన్సు నంబరు వేశాను. మొదట ఒప్పుకోలేదు. ఫోన్ చెయ్యమంది. చేస్తే మెషీన్ గొంతు ఒకటి పలికింది. ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో ఉందని అడిగింది. ఒకటి అని నొక్కాను. అబద్ధం కాదు. అది చదివిన అంకెలన్నీ కూతురు రాసుకుంటే నేను కొట్టాను. మూలనున్న బూడిదరంగు అక్షరాలు పోయాయి. కాక గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆ లైసెన్సు ఎక్కడిదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సోమవారం పన్నెండు దాటాక కాక సెంటర్‌కు వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం.

"పాసైంది బిడ్డా. గా ప్రోగ్రాం అన్ని చూసి మంచిగున్నదన్నదట. రేపటి సంది పని."

బెంచీ నిండా జనం. నేను వెనక కంప్యూటర్ మీద ఒక్కదాని మీదే అందరి పనీ లాగుతున్నాను. ముందుదాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. లైసెన్సు లేకుండా వాడకూడదు, రూలు రూలే. కాక దాన్నే చూశాడు.

"గిది ఖరాబైందా?"

"లేదు కాకా. మంచిగనే నడుస్తది. లైసెన్సు తీసేసిన."

ఆయనకు అర్థమైంది. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి దుప్పటి దగ్గరికి పోయాడు. ఒక పక్క జారిన అంచును పైకి లాగి సరిచేశాడు. తర్వాత బెంచీ మీదివాళ్ళకు వినబడకుండా నా వైపు వంగాడు.

"ఆ దినం మెడికల్ బోర్డు ముంగట నా మోకాళ్ళు గూడ మంచిగనే ఉండె బిడ్డా."