మగవాళ్ళ సంతకం లేని కారు

కోపం ఎంత ఖర్చు పెట్టినా తరగని వయసది. ఇరవై ఆరేళ్ళు. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. బాపట్ల నుంచి రోజూ రైల్లో నిలబడి వెళ్ళి, కాలేజీలో నిలబడి పాఠం చెప్పి, మళ్ళీ నిలబడే ఇంటికొచ్చేదాన్ని. అలా ఐదేళ్ళు తిరిగాక ఒక రోజు, ఇక కూర్చుని ప్రయాణం చేయాలని, అదీ నా సొంత కారులో చేయాలని నిశ్చయించుకున్నాను.

తమ్ముణ్ణి తోడు తీసుకుని అప్పు కోసం ఒక ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్ళాను. (తోడు తీసుకెళ్ళడమే పొరపాటు.) వాడప్పటికి డిగ్రీ ఆఖరి సంవత్సరం రెండోసారి చదువుతున్నాడు. అమ్మ చేతిలో పెట్టే పెట్రోలు డబ్బులే వాడి రాబడి. ఆఫీసరు నా జీతం కాగితాలన్నీ తిరగేసి, వాడి వైపు తిరిగి, "ఏ రంగు అనుకుంటున్నారు సార్?" అన్నాడు. వాడు ఏమాత్రం మొహమాటపడకుండా "ఎరుపండి" అన్నాడు.

"కారు నాదండి," అన్నాను.

"అలాగేనమ్మా. నాన్నగారో, పెళ్ళయితే మీవారో, ఎవరో ఒక మగాయన హామీ సంతకం పెడితే సరిపోద్ది. పోనీ ఈ సార్ పెట్టినా చూద్దాం."

"వీడికి ఉద్యోగం లేదండీ!"

"వస్తదిలేమ్మా, మగపిల్లాడు కదా."

ఆ కాగితాలు లాక్కుని ఎలా బయటికొచ్చానో నాకు గుర్తులేదు. (తలుపు గట్టిగా వేశానని తమ్ముడు ఇప్పటికీ చెబుతుంటాడు.) సంగతి విని నాన్న, "దానికేముందమ్మా, నేను పెడతాగా," అన్నాడు. "నువ్వు పెడితే అది నీ కారవుద్ది. నాకొద్దు," అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య "అన్నం తిన్నావా" దాటి మాటల్లేవు.

స్టాఫ్ రూములో ఆడవాళ్ళం నెలనెలా చీటీ కట్టుకునేవాళ్ళం. ఆ నెల తెలుగు మేడమ్‌కి వాషింగ్ మెషీన్ కావాలి, నాకు కారు కావాలి. ఎవరు ఎక్కువ వదులుకుంటే చీటీ వాళ్ళది. ఆఫీసరు మొహాన్ని కళ్ళ ముందు పెట్టుకుని పాడాను. పాట గెలిచేసరికి, దాచుకున్నది కలిపినా పాత కారుకి మాత్రమే సరిపోయేంత మిగిలింది.

రేపల్లెలో రైసు మిల్లు గుమస్తాగా చేసి మానేసిన ఒక పెద్దాయన తన కారు అమ్ముతున్నాడని తెలిసి, ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. డబ్బిచ్చాను, సంతకాలయ్యాయి. ఆయన తాళం చేతికిస్తూ వీధిలోకి అటూ ఇటూ చూసి, "ఏమ్మా, మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు.

అంతే. ఆఫీసరుకి చెప్పాల్సిందంతా ఆయనకి చెప్పాను. నా జీతం, నా చదువు, లోకం సిగ్గుమాలినతనం, ఏదీ వదల్లేదు. వాళ్ళావిడ కాఫీ గ్లాసుతో గడపలోనే ఆగిపోయింది. నేను ఊపిరి తీసుకున్నప్పుడు ఆయన మెల్లగా అన్నాడు: "అది కాదమ్మా. బ్యాటరీ పోయింది. తొయ్యాలి. అందుకేగా ధర తగ్గించింది."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు చెప్పనిస్తేగా!"

సిగ్గుతో నేనే తోస్తానన్నాను. వాళ్ళావిడ కొంగు బిగించి, "నువ్వు కూర్చోమ్మా, బండి నీదేగా," అంది. ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. ఇద్దరూ కలిసి వీధి చివరి దాకా తోశారు.

ఇంజను ఆగితే మళ్ళీ కదలదని భయం. కర్లపాలెంలో దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా ఆపలేదు. బాపట్లలో మా ఇంటి ముందు నిలబెట్టి, ఇంజను ఆపకుండా హారన్ మోగించాను. నాన్న లుంగీ మీదే బయటికొచ్చాడు.

"ఆపి లోపలికి రామ్మా."

"ఆపితే మళ్ళీ స్టార్టవదు నాన్నా."

ఆయన ఇంకేమీ అడక్కుండా పక్క సీట్లో కూర్చుని, "అయితే పోనియ్," అన్నాడు. సూర్యలంక దాకా వెళ్ళి, సముద్రాన్ని కిటికీలోంచే చూసి తిరిగొచ్చాం. దారిలో ఒక్కసారే అన్నాడు: "సంతకం పెట్టనివ్వకపోతే ఏంలే, ఎక్కించుకున్నావుగా."

ఆ ఆఫీసరు మీద కోపం నాకింకా పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు. కానీ నాన్నని చిన్నబుచ్చకుండా కూడా ఆ కారు కొనొచ్చని ఇరవై ఆరేళ్ళ ఆ పిల్లకి చెప్పాలనిపిస్తుంది. చెబితే వినే రకం కాదు లెండి.