మాస్టారు రాయడం మరిచిన రూలు

బుధవారం పొద్దున జెబెల్ అలీలోని మా గోడౌన్ ఆఫీసులో కంటైనర్ కాగితాలు సరిచూస్తుంటే మా ఫుట్‌బాల్ జట్టు వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. మాస్టారు పోయారు. నైట్ డ్యూటీ దిగి గదికొచ్చి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఆయనతో నేను సరిగ్గా మాట్లాడి అప్పటికి ఎనిమిది నెలలు.

నేను ఆ గోడౌన్‌లో డిస్పాచ్ ఇన్‌ఛార్జిని, ఆయన సేఫ్టీ సూపర్‌వైజర్. దుబాయ్ రాకముందు నెల్లూరు దగ్గర ఓ బడిలో డ్రిల్లు మాస్టారు. అందుకే మేముండే కార్మికుల క్యాంపులో హిందీవాళ్ళకీ మలయాళీలకీ కూడా ఆయన మాస్టారే. హెల్మెట్ లేకుండా ఎవడైనా కనిపిస్తే తిట్టేవారు కాదు. "మీ అమ్మకి నేను జవాబు చెప్పలేనబ్బయా" అని పక్కనే నిలబడేవారు, పెట్టుకునేదాకా.

2020లో కరోనాకి గదులు దాటనివ్వని రోజుల్లో ఆయనకో పిచ్చి పట్టింది. ఫోన్లో పాత ఇటలీ ఫుట్‌బాల్ గురించి చదవడం. అదీ రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానిది, అందులోనూ రెండో శ్రేణిది! పై మంచం మీద నేను, కింద మంచం మీద ఆయన. వద్దన్నా వినక తప్పేది కాదు. మొదటి యుద్ధం అయ్యాక అక్కడ జట్లు పుట్టగొడుగుల్లా పెరిగాయట. ప్రాంతాలవారీగా గుంపులు కట్టి ఆడేవాళ్ళట. చివరికి జల్లెడ పట్టి, దేశమంతటికీ పైన ఒక వరస, కింద ఒక వరస పెట్టారట.

"గెలిచినోళ్ళ సంగతి అందరూ రాస్తారు. కింది వరసలో పడినోళ్ళు మర్నాడు పొద్దున ఏం చేసినారు? అది చెప్పేవోడే లేడు" అని వాపోయేవారు.

రోగభయం తగ్గాక క్యాంపుల మధ్య ఆదివారం లీగు మళ్ళీ మొదలైంది. జట్లు పదహారు, లైట్లున్న మైదానం ఒక్కటే. కొట్లాటలు పెరిగి, మా జట్టు మనిషే అయినా కెప్టెన్లంతా మాస్టారి చేతికే పగ్గాలిచ్చారు. ఆయన ఇటలీని తలుచుకుని లీగును రెండు వరసలు చేశారు. సీజన్ ముగిసేసరికి మొదటి ఎనిమిది జట్లు పై వరస, వాళ్ళకి సాయంత్రం లైట్ల కింద ఆట. మిగతావి కింది వరస, వాళ్ళకి పొద్దున ఆరింటికి.

ఆ ఆరింటితోనే మాకు గండం. మా జట్టులో తొమ్మిది మంది నైట్ షిఫ్ట్. వాళ్ళ బస్సు క్యాంపుకి చేరేసరికే ఆరున్నర దాటుతుంది. కింద పడితే మాకు జట్టే ఉండదు. మాతో సమానంగా ఎనిమిదో చోట నిలిచిన మఫ్రఖ్ క్యాంపు జట్టుకీ అదే గతి. వాళ్ళ కంపెనీ బస్సు మధ్యాహ్నం దాటితే గాని కదలదు.

తేల్చడానికి ఒక్క ఆట పెట్టారు. గోల్ కాసింది నేను. రెండు ఒకటితో గెలుస్తున్నాం. చెమటకి కళ్ళు మండుతున్నాయి, గడియారం కదలడం లేదు. ఆఖరి నిమిషంలో బంతి నా చేతులకి తగిలి కూడా లోపలికే పోయింది. రెండు రెండు. విజిల్ మోగింది.

అందరూ మాస్టారి వైపు తిరిగారు. డ్రా అయితే ఏం చెయ్యాలో ఆయన కాగితంలో లేదు. పెనాల్టీలన్నాం. మా గోలీ చెయ్యి బెణికి కూర్చున్నాడు, ముందే చెప్పి ఉంటే కాచుకునేవాళ్ళం కదా అని మఫ్రఖ్ వాళ్ళు గొడవకొచ్చారు.

"మాస్టారూ, ఇటలీల గిట్లనే అయిందని మీరే చెప్తిరి గదా" అన్నాను. "ఆఖరి చోటుకి ఇద్దరు సమానమైతే, మళ్ల పెట్టిన ఆట గూడ డ్రా అయితే, ఇద్దర్నీ తీస్కొని పై వరసనే పెంచిండ్రని. మనం గూడ పెంచుదాం."

"పెంచొచ్చు. ఇంకో ఆటకి లైట్లు ఎవురిస్తారు?" ఆయన నేల మీద కూలబడ్డారు. "ఆ కత మీకందరికీ చెప్పినోణ్ణి, ఆ రూలు రాయడం నేనే మరిసిపోయినా. తప్పు నాది. తప్పు చేసినోడి జట్టే కిందికి పోవాల. మఫ్రఖ్ పైన."

"తప్పు మీది, శిక్ష మాకా?" అని అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నీళ్ళ క్యానుని తన్నాను. ఆ వారమే గది మార్చేశాను. నిజానికి ఆ బంతి వదిలింది నేను. అది ఒప్పుకోవడం కన్నా ఆయన మీద కోపం పెట్టుకోవడమే నాకు తేలికైంది.

చిత్రంగా జట్టు చావలేదు. నైట్ షిఫ్ట్ బస్సు క్యాంపుకి పోకుండా ఆరింటికల్లా నేరుగా మైదానానికే రావడం మొదలైంది. మాస్టారూ అందులోంచే దిగేవారు. కంపెనీ ఆయన్ని నైట్‌కి వేసిందేమో, తిక్క కుదిరిందిలే అనుకున్నాను. ఆట అయ్యాక పాలు లేని సులేమానీ చాయ్ గ్లాసొకటి నా వైపు జరిపేవారు. నేను తాగేవాణ్ణి కాదు.

ఆయన్ని ఇక్కడే మట్టి చేశాం. తిరిగొస్తుంటే బస్సు డ్రైవర్ పఠాన్ అన్నాడు, "నైట్ డ్యూటీ మాస్టర్‌జీ ఖుద్ మాంగే. ఉన్‌కే దస్తఖత్ బినా గాడీ గ్రౌండ్ నహీ జాతీ. అబ్ ఖలాస్." బస్సు దారి మారాలంటే ఇన్‌ఛార్జి స్థాయి మనిషి లోపల ఉండి సంతకం పెట్టాలట. మాస్టారు లేరు గనక ఇక అదీ ఆగిపోతుందట. ఆ సంతకం కోసం, రిటైరు కావలసిన వయసులో, ముదీర్‌ని, అంటే మా మేనేజర్ని, బతిమాలి తనంతట తానే రాత్రి పని అడిగి తీసుకున్నారు. ఆయన కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. ఆ కాళ్ళ మీద మట్టి కప్పి అప్పటికి గంటైంది.

మర్నాడే ముదీర్ దగ్గరికెళ్ళాను. అందరూ డే అడుగుతారు, నువ్వేంటి నైట్ అడుగుతున్నావని ఎగాదిగా చూశాడు.

ఆదివారం గోడౌన్ గేటు దగ్గర డ్రైవర్ అట్ట చాచాడు. దాని మీద కాగితం నిండా మాస్టారి సంతకాలే, డ్రిల్లులో పిల్లల్ని నిలబెట్టినట్టు ఒకదాని కింద ఒకటి. వాటి కింద నేను పెట్టాను. వెనక సీట్లలో తొమ్మిది మందీ పని బట్టల్లోనే నిద్రపోతున్నారు. బస్సు క్యాంపు దారి వదిలి మైదానం వైపు తిరిగింది. అక్కడ అవతలి జట్టు అప్పటికే వచ్చి, ఆట మొదలుపెట్టకుండా, రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది.