రెండుసార్లు అమ్ముడుపోయిన సొరకాయ

మొన్న ఆదివారం మా చర్చిలో కోతల పండుగ అయింది. అయిందంటే అయింది, అంతే. వెనకటిలాగా వేలం పాట లేదు. కొత్తగా వచ్చిన పాస్టరు చదువుకున్నవాడు, చురుకైనవాడు. గోడకు ఫోనుతో కొట్టే గళ్ళ బొమ్మ ఒకటి అతికించి, ఎవరికి తోచిన డబ్బు వాళ్ళు పంపితే పది నిమిషాల్లో ఇంటికి పోవచ్చన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో ఇంటికి వచ్చేశాను. నా దగ్గర అటువంటి ఫోను లేదు కాబట్టి ఏమీ ఇవ్వకుండానే వచ్చాను. పొదుపు మనిషిని గనుక దానికి పెద్దగా బాధ కూడా పడలేదు. కానీ గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, ఇంగ్లండు నుంచి వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉండిపోయిన ఒక మనిషి గుర్తుకొచ్చింది. ఇక ఆ రోజంతా ఏ పని పట్టుకున్నా ఆమే.

తెలియనివాళ్ళకు ముందు పండుగ సంగతి చెప్పాలి. కోతల పండుగ అంటే పండిన పంటలో మొదటి భాగాన్ని దేవుడికి తెచ్చివ్వడం. దబీర్‌పురా స్టేషను వెనక గల్లీల్లో ఉండే మాలో పొలం ఎవరికుంది? మావాళ్ళంతా రైల్వేలోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో పనిచేసినవాళ్ళు. అయినా పండుగ మానలేదు. అంగట్లో కొన్న గుమ్మడికాయ, మేడమీద కుండీలో కాసిన నాలుగు మిరపకాయలు, కోడిగుడ్లు, సకినాలు, ఏది ఉంటే అది తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళం. ఆరాధన అయ్యాక వరండాలో వాటిని వేలం వేసేవారు. అందులో ఒక పద్ధతి ఉంది. అన్నిటికంటే ఆఖరున పెట్టిన వస్తువును కొన్నవాళ్ళు ఇంటికి తీసుకుపోరు. పాడిన డబ్బు ఇచ్చి, వస్తువును మళ్ళీ బల్ల మీదే పెడతారు. మళ్ళీ పాట, మళ్ళీ కొనడం, మళ్ళీ పెట్టడం. చెయ్యెత్తేవాళ్ళు అయిపోయేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ఇక ఎవరూ ముందుకు రానప్పుడు, ఆఖరు పాట పాడినవాళ్ళకు అది దక్కుతుంది. మిగతా బల్లంతా కలిపి తెచ్చినదానికంటే ఆ ఒక్క వస్తువే ఎక్కువ తెచ్చేది. ఈ పద్ధతి ఎక్కడా రాసి లేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి ఎవరికైనా చెప్పాలని కూడా తోచదు.

ఆ ఇంగ్లండామె చాలా ఏళ్ళ కిందట మా చర్చిని చూడడానికి వచ్చింది. మా తాతల కాలంలో దాన్ని కట్టించినవాళ్ళది ఏ ఊరో ఆ ఊరి మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, డెబ్బైకి దగ్గర పడింది. నెల రోజులు ఉంటుంది, ఎవరింట్లో దించుదామని అయ్యగారు అడిగితే అందరూ నావైపే చూశారు. అయ్యగారంటే అప్పటి మా పాస్టరు, ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. అందరూ నన్ను చూసింది నా మంచితనానికి కాదు. మా ఇంటాయనకు మోకాళ్ళ నొప్పులని ఆ ఏడే కుర్చీలా కూర్చునే పాయిఖానా కట్టించాం. గల్లీ మొత్తానికి అటువంటిది మాకే ఉంది. కాదనలేక ఒప్పుకున్నాను గానీ నా ఫికరు నాకుంది. రోజూ బ్రెడ్డు, వెన్న, సీసా నీళ్ళు. తెల్లవాళ్ళకు ఇవన్నీ అమర్చేదెట్లా అని రెండు రోజులు అన్నం సయించలేదు.

వచ్చిన మర్నాడే నా భయం పోయింది. పొద్దున్న లేచి చూస్తే, ముందు రోజు పాలు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లను ఆమె కడిగి, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేస్తోంది. మా ఇంట్లో ఆ పని నేను తప్ప ఎవరూ చేయరు. నేను చేస్తుంటే మా పిల్లలు నవ్వుతారు కూడా. టీ పొట్లం ఒకటి కప్పులో ముంచి, పిండి, సాసరులో దాచి సాయంత్రం మళ్ళీ ముంచుకునేది. వచ్చిన ఉత్తరాల కవర్లను జిగురు దగ్గర విప్పదీసి లోపలివైపు రాసుకునేది. ఆమె స్వెటరుకు మోచేతుల దగ్గర అతుకులు, ఆ అతుకుల మీద మళ్ళీ అతుకులు. తెలుగులో రెండే మాటలు నేర్చుకుంది. నన్ను పిలవడానికి "అక్కా", నేను వడ్డించబోతే "చాలు". "అమ్మా, నీకు తోడబుట్టినామె లండన్ల దొరికింది" అని మా చిన్నది వెక్కిరించింది. మా ఇంటాయన పత్రిక వెనకనుంచి, "ఒక్కామెతోనే ఏగలేక సస్తున్న, ఇప్పుడు ఇద్దరైండ్రు" అన్నాడు.

ఇంత పొదుపు ఎందుకో మెల్లగా తెలిసింది. మా చిన్నది అప్పుడు ఇంటర్ చదువుతోంది. మా ఇద్దరి మధ్య మాటలు మోసేది అదే. ఆఫ్రికాలో ఏదో పెద్ద పట్నం, పేరుకు నా నోరు తిరగదు. అక్కడ రేకుల బస్తీలో తల్లులు కూలికి పోతే చంటిపిల్లలను చూసుకునే గది ఒకటి ఉందట. దానికి ఈమె చర్చివాళ్ళు ఆసరా. వాళ్ళేమీ జమీందారులు కాదు, ఈమెలాంటి ముసలమ్మలే. శనివారం పూట కేకులు చేసి అమ్ముతారు. ఇంట్లో వాడని కప్పులూ బట్టలూ బల్ల మీద పెట్టి అమ్ముతారు. పాత స్వెటర్లు విప్పి ఆ ఊలుతో పిల్లలకు కొత్తవి అల్లుతారు. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఈమె చేసింది కూడా ఆ పనే. "ఆఫ్రికా ఎండలకు స్వెటర్లేంది, పిల్లలు ఉడికిపోతరు" అన్నాను. ఆ పట్నం కొండల మీద ఎత్తున ఉందని, తెల్లారి తల్లులు దించిపోయే వేళకు పిల్లలు వణుకుతుంటారని చెప్పింది. పక్కింట్లో లక్కగాజులు చేసే ఖాలా కూడా సాయంత్రాలు మా అరుగు మీదికే చేరేది. ఒకనాడు ఈమె సంచిలోంచి ఫోటోలు తీసింది. వరసగా రేకుల కప్పులు, పక్కన నల్లటి నాలా, తీగల మీద బట్టలు. ఖాలా కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "యే తో అప్నీచ్ బస్తీ హై" అంది. నేనూ చూశాను. మూసీ ఒడ్డున మా బస్తీ అని ఎవరైనా చెబితే నమ్మేదాన్నే.

అయితే చూడడం వేరు, ఇవ్వడం వేరు. ఆ పిల్లల గదికి కప్పు కురుస్తోందని, వానలలోపు కొత్త రేకులు వేయకపోతే గది మూసేయక తప్పదని, ఇంగ్లండు ముసలమ్మలు సగం దాకా పోగుచేశారని, ఈసారి మన వేలం డబ్బు కూడా పంపుదామని అయ్యగారు స్త్రీల సమాజంలో చెప్పినప్పుడు అడ్డం పడింది నేనొక్కదాన్నే. "మూసీ పొంగితే మన ఇండ్లల్లకే నీళ్లొస్తయ్ అయ్యగారూ. మనకు ఇచ్చెటోడు లేడు గని మనం ఆఫ్రికాకు ఇస్తమా" అన్నాను. అందరూ నా ముఖం చూశారు గానీ డబ్బు పంపడానికే ఒప్పుకున్నారు.

నాలో ఒక పాత మంట ఉంది, అది వాళ్ళకు తెలియదు. నేను మూడో తరగతి దాకా చదివిన మిషను బడిలో విదేశాల నుంచి వచ్చిన పాలపొడి కలిపి మాకు పోసేవారు. ఏడాదికోసారి గ్లాసులు చేతికిచ్చి వరసగా నిలబెట్టి ఫోటో తీసేవారు, పంపినవాళ్ళకు చూపడానికి. నవ్వమనేవారు. ఆ పాలు తాగే నా ఎముకలు గట్టిపడ్డాయి, కాదనను. ఆ నవ్వు మాత్రం ఈనాటికీ నాకు గిట్టదు. ఈమె సంచిలోని ఫోటోలు చూసినప్పుడు నాకు ఆ వరసే కళ్ళముందు నిలబడింది. ఏదో ఒకరోజు నన్నూ డబ్బు అడుగుతుంది, అప్పుడు ముఖం మీదే లేదని చెప్పాలని నెలంతా కాచుకుని కూర్చున్నాను. ఆమె ఒక్కనాడూ అడగలేదు. అల్లుకుంటూ కూర్చుంది.

పండుగ నాడు నేను మా స్నానాల గది మీద పాకిన తీగనుంచి ఒక సొరకాయ కోసి తీసుకుపోయాను. పైసా ఖర్చు లేనిది, చూడడానికి మాత్రం మూరెడు పొడుగు. వేలం పాడేది మా సంఘపు పెద్ద, రైల్వేలో టికెట్లు చూసి రిటైరైనాయన. మేము టీసీ అన్న అంటాం. బల్ల మీద అన్నిట్లోకీ పెద్దది అదే కాబట్టి ఆఖరు పాటకు ఆయన దాన్నే ఉంచాడు. తక్కినవన్నీ అమ్ముడుపోయి ఎవరి సంచుల్లోకి అవి పోయాయి. సొరకాయ ఎత్తి చూపించగానే మొదట చెయ్యెత్తింది ఇంగ్లండామె. అతిథి కదా అని మర్యాదకు అందరూ చేతులు దించుకున్నారు. ఆమె డబ్బు ఇచ్చి, కాయను చంటిపిల్లలా రెండు చేతుల్లోకి తీసుకుని, అందరికీ తల వంచి, గేటు దాటి వెళ్ళిపోయింది. ఫోటో తీసుకోవడానికేమో అనుకున్నాం. ఎంతసేపు చూసినా రాదు. టీసీ అన్న ఖాళీ బల్ల ముందు నిలబడి, "బండి ఎల్లిపోయింది, మనం ప్లాట్‌ఫారం మీద మిగిలినం" అన్నాడు. అందరూ నవ్వారు, తర్వాత ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. సంచుల్లోకి పోయిన వాటిని మళ్ళీ అడగడం బాగుండదు. "పోనీండ్రి, ఆమెకు ఎవ్వరు చెప్పొద్దు, నొచ్చుకుంటది" అని అయ్యగారు అందరినీ భోజనాలకు కూర్చోబెట్టాడు. నిజం చెప్పాలి కదా, నాకైతే లోపల్లోపల మంచిదే అయిందనిపించింది.

మా చిన్నదాన్ని వెంటబెట్టుకుని ఆమెను భోజనానికి పిలవడానికి ఇంటికి పోయాను. గుమ్మంలోకే వెన్న వాసన. సొరకాయ అప్పటికే ముక్కలై, ఉప్పు, మిరియాలతో గిన్నెలో ఉడికిపోయింది. మర్నాడు ఆమె ప్రయాణం. నెల రోజులు వండిపెట్టిన అక్కకు ఒక్క పూటైనా పొయ్యి దగ్గర పని తప్పిద్దామని వండిందట. తీసిన చెక్కు కూడా పారేయలేదు. నేను పచ్చడి చేసుకుంటానని తెలుసు కాబట్టి పక్కన మూతపెట్టి ఉంచింది. నేను ఆపేలోపే మా చిన్నది అసలు సంగతి చెప్పేసింది. ఆమె గరిటె పక్కన పెట్టి పీట మీద కూలబడింది. నెమ్మదిగా ఏదో అంది.

"ఏమంటుందే?" అన్నాను.

"ఆ పిల్లల రేకులు నేనే కోసి వండేసిన్నా అని అడుగుతుందమ్మా."

నెలంతా ఆమె చెయ్యి చాపుతుందని కాచుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఆ చేతులు రెండూ ఒడిలో ఖాళీగా పడి ఉన్నాయి, దేన్నీ అడగకుండా. అప్పుడు తట్టింది నాకు. మమ్మల్ని నవ్వమని ఫోటో తీసినవాళ్ళు వేరు. ఆ పాలపొడి వెనక, టీ పొట్లం రెండుసార్లు ముంచుకుని, బస్సు ఎక్కకుండా నడిచి మిగిల్చిన ముసలమ్మ ఒకతె ఉండి ఉంటుంది. ఆమెను నేనెన్నడూ చూడలేదు. చూడని మనిషి మీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నాను. "లే, గిన్నె ఎత్తు" అన్నాను మా చిన్నదానితో.

వరండాలో ఇంకా విస్తళ్ళు ఎత్తలేదు. గిన్నె తీసుకుపోయి టీసీ అన్న ముందు పెట్టాను.

"ఇదేంది చెల్లె?"

"సొరకాయ."

"సొరకాయ నేను అమ్మేసిన గద."

"అది పచ్చిది. ఇది ఉడికింది. మళ్ల అమ్ము."

"ఒక్క కాయను రెండుసార్లు అమ్మిచ్చుడు నీకే చెల్లింది తల్లీ" అని ఆయన గిన్నె ఎత్తాడు. మొదటి పాట నేనే పాడాను. వరండాలో తలలన్నీ నావైపు తిరిగాయి. "ఈయాల వాన పడ్తది, బట్టలు తీసుకోండ్రి" అని మా ఇంటాయన ఎవరితోనో అనడం నాకు వినిపించింది. మా వెంట భోజనానికి వచ్చిన ఖాలా వేలితో కొంచెం తీసి నాలుకకు రాసుకుని, "మిర్చి నై డాలే క్యా బహెన్?" అంది ఎంతో మర్యాదగా. ఆ ఒక్క మాటతో గిన్నెలో కారం లేని సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆఖరున ఎవరి చేతిలో ఆగితే వాళ్ళు ఇది తినాలి. ఇక చూడాలి ఆ పాట. కొన్నవాళ్ళు కొన్నట్టే బల్ల మీద పెట్టి పక్కవాళ్ళను పొడవడం మొదలుపెట్టారు. "నువ్వు పాడన్నా, లేకుంటే నేను తినాలె." "నిన్న గాక మొన్న పెన్షన్ వచ్చింది గద, పాడు పెద్దమ్మా." అయ్యగారు మూడుసార్లు పాడాడు, రెండోసారి భార్య తిట్టడం వల్ల. ఖాలా కూడా ఒకసారి కొని, గిన్నెను దూరంగా పట్టుకుని వెనక్కి ఇచ్చింది. మా చర్చిలో ఏ కాయా అంతసేపు తిరగలేదు, అన్ని చేతులు మారలేదు. ఇంగ్లండామె స్తంభం పక్కన నిలబడి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కొంగు లేక నా కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. చివరికి చేతులన్నీ అలిసిపోయాక, ఆఖరు పాట కూడా నేనే పాడి గిన్నె ఇంటికి తెచ్చాను. ఎంత పాడానో మా ఇంటాయనకు ఆయన పోయేదాకా చెప్పలేదు.

ఆ సాయంత్రం అందరం కూర్చుని దాన్ని తిన్నాం. ఆమె రెండో గరిటె వేయబోతే ఈసారి "చాలు" అన్నది నేను. నా పాలగ్లాసు ఫోటో సంగతి ఆ పూటే మా చిన్నదాని చేత చెప్పించాను. ఆమె అల్లిక ఆపి వింది.

మరుసటి ఏడు ఆమె దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది, పాత కవరే, తిరగేసి అంటించింది. లోపల ఒక ఫోటో. నవ్వమని వరసగా నిలబెట్టిన పిల్లలెవరూ అందులో లేరు. వానకు కడిగినట్టున్న కొత్త రేకులు, కింద తెరిచిన తలుపు, తలుపు ముందు విప్పిన బుల్లి బుల్లి చెప్పులు. పిల్లలు లోపలే ఉన్నారన్నమాట. ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది, ఆనాటి ఆమె వయసు నేను కూడా దాటాను. ఆ చెప్పుల్లో పట్టిన పాదాలు ఇప్పుడు పెద్ద పాదాలయి ఎక్కడెక్కడో తిరుగుతుంటాయి. ఎన్నో వానలకు ఆ రేకులు తుప్పు పట్టి, ఈపాటికి మార్చి కూడా ఉంటారు. మారిస్తే మార్చనీ, ఒక బిడ్డ నడక నేర్చి గుమ్మం దాటేదాకా నిలిచిన రేకుకు అది నిండు ఆయుష్షే.